దుకాణం గోడ మీది బి.ఎస్సీ.

జూన్ పదిహేడు, మంగళవారం, ఉదయం పదకొండు గంటలకు సిరుగుప్ప బస్టాండు వెనక వీధిలోని ఒక పురుగుమందుల దుకాణంలో, గోడకు తగిలించిన ఫ్రేమును సుష్మ కిందికి దించింది. ఫ్రేములో ఉన్నది ఆమె డిగ్రీ సర్టిఫికెట్టు. దాని కింద మూలన ఆమె ఫోటో. దుకాణంలో అప్పుడు ఇద్దరు రైతులు, గల్లా దగ్గర యజమాని, బస్తాల దగ్గర యజమాని కొడుకు ఉన్నారు. ఆమె స్టూలెక్కి మేకు నుంచి దారం తప్పిస్తుంటే ఎవరూ అడ్డు చెప్పలేదు. దుమ్ము దులపడానికి అనుకున్నారు.

ఫ్రేమును చంకన పెట్టుకుని ఆమె గడప వైపు నడిచాక యజమాని సీతారామారావు తలెత్తాడు. ఆయన ఆమెకు పెదనాన్న.

"యాడికమ్మా అది?"

"బళ్ళారికి."

"బళ్ళారికి అదెందుకు?"

"అది నాది గాబట్టి పెదనాన్నా."

పురుగుమందులు అమ్మాలంటే లైసెన్సు కావాలి. లైసెన్సు కావాలంటే దుకాణంలో వ్యవసాయమో, జీవశాస్త్రమో, రసాయనశాస్త్రమో డిగ్రీదాకా చదివిన మనిషి ఉండాలి. యజమాని చదవకపోతే చదివిన మనిషిని ఉద్యోగంలో పెట్టుకోవాలి. సీతారామారావు పదో తరగతితో ఆపాడు. ఆయన కొడుకు రాఘవేంద్ర బి.కాం. ఈ నిబంధన వచ్చినప్పటినుంచి కాలువ కింది క్యాంపుల్లో, అంటే తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి వరి వేసుకున్న వాళ్ల ఊళ్లలో, పిల్లల చదువుల లెక్క కొంచెం మారింది. ఫలానావాళ్ల అమ్మాయి ఏం చదువుతోందని అడిగితే 'దుకాణం డిగ్రీ' అనేవారు. అంటే బి.ఎస్సీ. చదివిన పిల్ల ఇంట్లో ఉంటుంది. కాగితం దుకాణంలో ఉంటుంది.

సుష్మకు సెకండ్ పీయూసీ, అంటే ఇంటర్ రెండో ఏడు, తర్వాత రైతుల పిల్లల కోటాలో బి.ఎస్సీ. అగ్రికల్చర్ సీటు వచ్చింది, రాయచూరులో. ఆ రోజు సీతారామారావు తమ్ముడి ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుని మాట్లాడాడు.

"అగ్రి నాలుగేండ్లు. అది చేసినోళ్లు బ్యాంకుల్లో పడతారు, ఆఫీసుల్లో పడతారు. దుకాణానికి రారు. బయోటెక్నాలజీ చేస్తే బెంగళూరుకు పోవాల. నర్సింగైతే లైసెన్సుకు పనికిరాదు. మైక్రోబయాలజీ అంటే ఏందో నాకు తెల్దు. కెమిస్ట్రీ, బాటనీ, జువాలజీ అయితే మూడేండ్లు. పొద్దున బస్సుకు బళ్ళారికి పోయి సాయంత్రానికి ఇంట్లో ఉంటాది. లైసెన్సుకు ఏదైనా ఒకటే."

ఇందులో దాపరికమేమీ లేదు. అందరి ముందే చెప్పాడు. సుష్మ తండ్రి గోపీకృష్ణ తలూపాడు. నాయనమ్మ సరోజినీదేవి తలూపింది. తల్లి ఉష వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది. సుష్మ కూడా తలూపింది. అప్పటికి ఆమెకు పదిహేడేళ్లు.

లైసెన్సుకు ఏదైనా ఒకటే అన్న మాట నిజం. మిగతా లోకానికి ఒకటి కాదని సుష్మకు డిగ్రీ అయ్యాక తెలిసింది. వ్యవసాయ శాఖ పోస్టులకు అగ్రి కావాలన్నారు. ఆస్పత్రి ల్యాబుకు పోతే, రక్తపరీక్షలకు వేరే కోర్సు ఉంటుంది, అది చేశావా అన్నారు. టీచరు పనికి ఇంకో రెండేళ్ల బి.ఇడి. ఎమ్మెస్సీకి ధార్వాడ వెళ్తానంటే ఇంట్లో వాయిదా వేశారు. మందుల కంపెనీ రెప్ పని ఒకటి చేతిదాకా వచ్చింది. మోటారుసైకిలు మీద జిల్లాలు తిరగాలని తెలిసి నాయనమ్మ రెండు రోజులు అన్నం మానేసింది.

ఈలోగా డిగ్రీ సర్టిఫికెట్టు వచ్చింది. సీతారామారావు లైసెన్సు కాగితాల్లో, రోజంతా దుకాణంలో ఉంటానన్న చోట సుష్మ చేత సంతకం పెట్టించి, సర్టిఫికెట్టును బళ్ళారిలో ఫ్రేము కట్టించాడు. దసరాకు దుకాణంలో ఆయుధపూజ చేసినప్పుడు తూకం యంత్రానికీ, స్ప్రేయర్లకూ పెట్టినట్టే దానికీ కుంకుమ పెట్టి బంతిపూల దండ వేశారు. పూజకు వచ్చిన సరోజినీదేవి ఫోటో చూసి అరిచింది. "బతికుండే పిల్లకు దండేందిరా, బుద్ధుండాదా మీకు?" దండ తీసేశారు. కుంకుమ అద్దం అంచులోంచి లోపలికి దిగి అక్కడే ఉండిపోయింది.

మే నెలలో, బళ్ళారిలో ఆమెతో డిగ్రీ చదివిన లోయిస్ ఒక ఖాళీ గురించి చెప్పింది. లోయిస్ అప్పటికే ఊరి బయట ఒక ప్రైవేటు విత్తన పరీక్షల ల్యాబులో పనిచేస్తోంది. విత్తనాల్ని తడికాగితం మీద పరిచి, మొలకలు లెక్కపెట్టి, తేమ కొలిచి రాసే పని. బాటనీ చదివినవాళ్లు కావాలన్నారు. సుష్మ పరీక్ష రాసింది. ఇంటర్వ్యూకు వెళ్లింది. ఎంపికైంది. డిగ్రీ అయ్యాక ఆమె చదివిన చదువు పేరు పెట్టి ఆమెను పిలిచిన చోటు అదొక్కటే.

సోమవారం మధ్యాహ్నం లోయిస్ ఫోన్ చేసింది.

"ఏమే దొంగా, నీకు ముందునుంచే ఉద్యోగం ఉండాదంట గదా. ఒక్క ట్రీట్ గూడా ఇయ్యలేదు."

"నాకేం ఉద్యోగమే?"

"పురుగుమందుల షాపులో ఫుల్ టైమంట. మా ఆఫీసోళ్లు చూసినారు, లైసెన్సులో నీ పేరుండాది. మా మేడం అడుగుతాండాది, మందుల షాపు మనిషి విత్తనాల ల్యాబులో ఎట్ల కూర్చుంటాదని. ఆ షాపుల విత్తనాలే గదా మేం చెక్ చేసేది."

"నేనాడ ఒక్క దినం గూడా కూర్చోలేదే."

"నాకు తెల్దా? వాళ్లకు కాగితం కావాల. శుక్రవారం లోపల ఒరిజినల్ డిగ్రీ, ఆ షాపు నుంచి వదిలేసినట్టు కాగితం, రెండూ తెమ్మంటాండారు. లేకుంటే వెయిటింగులో ఉండేటోన్ని పిలుస్తారు. సుమ్నె ఊరికే కూర్చోవద్దు. రేపే పో."

అందుకే మంగళవారం ఆమె స్టూలెక్కింది.

సీతారామారావు లేచి గల్లా పక్కకు వచ్చాడు. గొంతు పెంచలేదు. "ఇది సీజను తల్లీ. వచ్చే నెల కాలువకు నీళ్లు ఇడుస్తారు. ఇప్పుడు నీ పేరు తీస్తే ఆ పూటే షట్టరు దించాల. దీపావళి అయినాక పట్టుకుపో, నేనే బస్సెక్కిస్తా."

"శుక్రవారం లోపల కావాల."

"ఆ పని కాకుంటే ఇంకోటి వస్తాది. దుకాణం వస్తాదా?"

ఆమె జవాబు చెప్పేలోగా ఒక రైతు లోపలికి వచ్చాడు. పేరు నెట్టికంటప్ప. చేతిలో తడిపిన గోనెపట్టా. ముందు గోడ వైపు చూశాడు. అక్కడ మేకు ఉంది. తర్వాత సుష్మ చంకలోని ఫ్రేమును చూశాడు, తర్వాత ఆమె ముఖాన్ని.

"రావుగారూ, ఫోటో మేడం ఈయమ్మేనా?"

సీతారామారావు సుష్మ వైపు చూడలేదు. "ఆ, మేడమే ఉండాది. అడుగప్పా" అన్నాడు.

నెట్టికంటప్ప పట్టా విప్పి కౌంటరు మీద పరిచాడు. లోపల వరినారు. ఆకులు కొసల నుంచి తెల్లగా ఎండి ముడుచుకున్నాయి.

"బోరు కింద పోసిన నారమ్మా. మూడెకరాలకు. మొన్న మీ అబ్బాయి రెండు మందులిచ్చినాడు. ఒకే ట్యాంకులో కలిపి కొట్టమన్నాడు. కొట్టినాక రెండో దినానికి ఇట్లాయె. ఇది మల్ల తిరుక్కుంటాదా, దున్నేయాల్నా? నువ్వు చెప్పు."

సుష్మ రాఘవేంద్ర వైపు తిరిగింది. "ఏమిచ్చినావన్నా?"

"కలుపుమందొకటి, పురుగుమందొకటి. అందరికీ అదే ఇస్తాండాం. ఈయప్ప డోసు ఎక్కువ పోసింటాడు."

"నువ్వు చెప్పినంతే పోసినాను" అన్నాడు నెట్టికంటప్ప. "నువ్వుండప్పా. మేడం చెప్పనీ."

సుష్మ నారును చేతిలోకి తీసుకుంది. మూడేళ్లలో ఆమె ఆకును అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూసింది. బొద్దింక జీర్ణవ్యవస్థ బొమ్మ గీసి భాగాలు గుర్తించింది. ఆమ్లాన్ని చుక్కచుక్కగా క్షారంలో వదిలి రంగు మారే చోట ఆపింది. రెండు మందులు ఒక ట్యాంకులో కలిస్తే నారుకు ఏమవుతుందో ఏ సెమిస్టరులోనూ ఎవరూ చెప్పలేదు. రాయచూరులో చెప్పేవారు.

"నాకు తెల్దన్నా" అంది.

"తెల్దంటే?"

"నేను దీని గురించి చదవలేదు."

నెట్టికంటప్ప గోడ మీది మేకు వైపు వేలు చూపించాడు. "మరి నీ ఫోటో యాల పెట్టినారమ్మా? మీ అబ్బాయి చెప్పె, మేడం బి.ఎస్సీ., ఆయమ్మ చెప్పిందే మేం ఇస్తామని. ఈ వీధిలో ఎన్ని అంగళ్లు లేవు? నీ ఫోటో చూసి గదా ఈడికి వస్తాండా."

రాఘవేంద్ర ఏదో అనబోయాడు. మిగతా ఇద్దరు రైతులు తాము తీసుకున్న డబ్బాలను కౌంటరు మీద పెట్టేశారు. ఆ మనిషి తిట్టి ఉంటే సుష్మకు అంత కోపం వచ్చేది కాదు. అడిగాడు. అడిగింది న్యాయంగా ఉంది.

"ఈ నారు, బిల్లు రెండూ పట్టుకుని తాలూకా వ్యవసాయ ఆఫీసుకు పో అన్నా. వాళ్లకు తెలుస్తాది. ఫిర్యాదు రాసియ్యి కూడా."

"సుష్మా!" అన్నాడు సీతారామారావు.

నెట్టికంటప్ప పట్టా చుట్టుకుని వెళ్లిపోయాడు. రైతులిద్దరూ ఆయన వెనకే వెళ్లారు. అప్పుడు సీతారామారావు గల్లా మీద రెండు చేతులూ ఆనించి నిదానంగా చెప్పాడు.

"వాన్ని ఆఫీసుకు పంపించినావు. మంచిది. ఆఫీసోళ్లు వచ్చి ఏమడుగుతారో తెలుసునా? మందు ఎవరు చెప్తే ఇచ్చినారని. కాగితంలో యాముండాది? నీ పేరు. ఈడ దినమంతా ఉంటానని సంతకం పెట్టింది ఎవరు? నువ్వు. నేను పెట్టమంటే పెట్టినావు, నిజమే. అట్లని ఆడ రాసి లేదు."

ఆమె ఫ్రేముతో బయటికి నడిచింది. బస్టాండుదాకా వెనక్కి తిరగలేదు. ఇంటికి పోయే బస్సులో ఫ్రేమును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆ సాయంత్రం గోపీకృష్ణ పొలం నుంచి వచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా ఫ్రేము ముందు నిలబడ్డాడు. అన్న సీతారామారావు అప్పటికే ఆయనకు ఫోన్ చేశాడు.

"రేపు పొద్దున నేను తీసుకుపోయి ఇచ్చొస్తా" అన్నాడు.

"అది ఎవరిది నాన్నా?"

"నీదే. ఎవరు గాదన్నారు? గోడకుంటే నీది గాకుండా పోతాదా?"

"నెట్టికంటప్ప నారుకు నేను జవాబు చెప్పాల. తెలుసునా నీకు?"

"అన్నయ్య చూసుకుంటాడు."

"యాం చూసుకుంటాడు? పొద్దున నన్నే ముందుకు నెట్టినాడు. మేడమే ఉండాది, అడుగప్పా అన్నాడు. ఇన్నాళ్లకు మొదటిసారి మేడం అన్నాడు, అదీ వేరేవాళ్ల నారు మాడినాక."

సరోజినీదేవి మంచం మీది నుంచి కల్పించుకుంది. "దీపావళి దాకా అంటాండాడు గదే. ఆగితే అరిగిపోతావా? వాడి దుకాణం మూతపడితే క్యాంపులో మన మొహాలు యాడ పెట్టుకోవాల?"

"రాయచూరు వద్దన్నప్పుడు మీ మొహాలు యాడ పెట్టుకున్నారు నాయనమ్మా?"

"మాటలు జాగ్రత్త" అన్నాడు గోపీకృష్ణ.

"జాగ్రత్తగానే అడుగుతాండా. లైసెన్సుకు ఏదైనా ఒకటే అని పెదనాన్న చెప్తే తలూపినావు. నాకు ఏదైనా ఒకటేనా అని అడిగినావా? ఎమ్మెస్సీ అంటే ఆగమన్నారు. ఉద్యోగమంటే దూరమన్నారు. ఇప్పుడు దగ్గర్లో ఉండాది, బళ్ళారిలో, ఇప్పుడు సీజనంటాండారు. నేను లైసెన్సుకు పుట్టినానా నాన్నా?"

గోపీకృష్ణ కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. నీళ్లు పోసుకున్న చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చి ఫ్రేమును ముట్టుకోకుండా అన్నానికి కూర్చున్నాడు.

తెల్లవారి ఉష స్క్రూడ్రైవరూ, కూరగాయల చాకూ తెచ్చి కూతురి ముందు కూర్చుంది. ఇద్దరూ కలిసి ఫ్రేము వెనక మేకులు ఊడదీశారు. అద్దం వచ్చింది. సర్టిఫికెట్టు రాలేదు. ముడతలు పడకుండా ఉండాలని ఫ్రేము కట్టినవాడు దాన్ని ప్లైవుడ్డు పలకకు బంకతో అంటించేశాడు. చాకు మొన పెట్టి లేపబోతే మూలన కాగితం పొర లేచింది. ఉష చేయి తీసేసింది.

"పెరిగితే పోతాది. పలకతోనే పో" అంది. మేకులు ఏరుతూ, "బస్సు ఎనిమిదింటికి. అన్నం కట్టినా" అంది.

తాలూకా వ్యవసాయ కార్యాలయంలో నెట్టికంటప్ప అప్పటికే బెంచీ మీద ఉన్నాడు. పట్టా పక్కన పెట్టుకున్నాడు. గుమస్తా వీరేశ్ ఆమె చేతిలోని పలకను చూసి, "ఏన్రీ ఇది, బోర్డు రాయించుకొచ్చినారు?" అన్నాడు.

"నా డిగ్రీ సార్."

"అయ్యో. అంటించేసినారా?" పలకను తిప్పి చూసి నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి ఆపాడు. విషయం విన్నాడు. ఒక తెల్లకాగితం తీసి ముందు పెట్టాడు.

"చూడమ్మా, రెండు దారులుండాయి. రాజీనామా అని రాస్తే ఈ దినమే తీసుకుంటాం. ఏమీ ప్రాబ్లం లేదు. బళ్ళారిలో అడిగినారంటివే, వాళ్లకు కావల్సింది అదే. అయితే రాజీనామా అంటే నిన్నటిదాకా పనిచేసినట్టు. ఆయప్పకు మందు ఇచ్చినప్పుడు గూడా నువ్వాడ ఉన్నట్టే." బెంచీ వైపు గడ్డం చూపించాడు. "ఎప్పుడూ పనిచేయలేదని రాసినావనుకో, అది బేరే కథ. విచారణ పెట్టాల. మొదట సంతకం యాల పెట్టినావని నిన్నే అడుగుతారు. నేను చెప్పేది ఇంతే. ఏది రాస్తావో నీ ఇష్టం."

సుష్మ కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. రాజీనామా రాస్తే శుక్రవారానికి ల్యాబు దక్కుతుంది. పెదనాన్న చెప్పించిన అబద్ధాన్ని ఈసారి తనే, ఎవరూ చెప్పకుండా రాయాలి. మాడిన నారు తన లెక్కలో పడుతుంది. రాయకపోతే ల్యాబు ఏమంటుందో తెలియదు. బెంచీ మీద నెట్టికంటప్ప ఆమె వైపు చూడటం లేదు. పట్టాలోని నారుకు సీసాలోంచి నీళ్లు చిలకరిస్తున్నాడు, అధికారి వచ్చేదాకా వాడకుండా.

'ఈ దుకాణంలో నేను ఏ రోజూ పనిచేయలేదు. ఏ మందూ చెప్పలేదు. చెప్పడానికి తగిన చదువు నేను చదవలేదు' అని రాసింది. నిబ్బు కాగితంలోకి దిగేటట్టు రాసింది. వీరేశ్ చదివి, ముద్ర వేసి, అందినట్టు ఒక ప్రతి ఇచ్చాడు.

గురువారం ఆమె బళ్ళారి వెళ్లింది. ల్యాబులో ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఎలిజబెత్ పలకను బల్ల మీద పెట్టించుకుని సీళ్లూ సంతకాలూ చూసింది. కుంకుమ మరక మీద వేలు పెట్టింది.

"ఒరిజినలేనా అమ్మా?"

"ఒరిజినలే మేడం. చెక్క మాత్రం మా పెదనాన్నది."

ఎలిజబెత్ నవ్వింది. రెండో కాగితం చదివాక నవ్వు ఆగింది. "ఇది రిలీవింగ్ లెటర్ గాదు గదా. విచారణ అని ఉండాది."

"పనిచేయని చోట రిలీవింగ్ ఎట్ల ఇస్తారు మేడం?"

"నువ్వు చెప్పేది నాకర్థమవుతాది. రాజీనామా తెచ్చింటే నిన్ను ఈ నిమిషమే కూర్చోబెట్టేదాన్ని."

"అబద్ధం తెచ్చింటే కూర్చోబెట్టేవాళ్లు. అంతే గదా మేడం?"

పక్క గదిలో మొలకలు లెక్కపెడుతున్న లోయిస్ తలెత్తింది. ఎలిజబెత్ కాగితాల నకళ్లు తీయించి, పైవాళ్లకు పంపుతానంది. పలకను తనే రెండు చేతులతో ఎత్తి ఇచ్చింది.

శుక్రవారం సాయంత్రం లోయిస్ ఫోన్ చేసింది. ముందు ఏడ్చింది, తర్వాత చెప్పింది. వెయిటింగులో ఉన్న తిప్పేస్వామి అనే అబ్బాయిని పిలిచారు. అతనిది బి.ఎస్సీ. అగ్రికల్చర్. విచారణ తేలాక సుష్మను మళ్లీ దరఖాస్తు పెట్టుకోమన్నారు.

"మా మేడం నీ తరఫున మాట్లాడిందే, నిజంగా" అంది లోయిస్.

"మాట్లాడనీ" అంది సుష్మ. ఫోన్ పెట్టేసి, ఉతికిన బట్టలు దండెం మీద వేస్తూ ఒక్కో బట్టనూ జాడించి జాడించి విదిలించింది. క్లిప్పులు రెండు విరిగాయి.

జులై మొదటి వారంలో విచారణ నోటీసు వచ్చింది. అందులో మొదటి పేరు సుష్మది. యజమాని పేరు రెండోది. నారు విషయం వేరుగా చూస్తామని రాశారు. విచారణ రోజు సీతారామారావు, రాఘవేంద్ర కారులో వచ్చారు. సుష్మ, ఉష బస్సులో వచ్చారు. గోపీకృష్ణ రాలేదు.

మందు పేర్లు సుష్మే ఫోనులో చెప్పేదని రాఘవేంద్ర చెప్పాడు. ఏ నంబరు నుంచి అని అధికారి అడిగారు. రాఘవేంద్ర తండ్రి వైపు చూశాడు. తండ్రి కిటికీ వైపు చూశాడు.

అధికారి సుష్మ వైపు తిరిగారు. "ఈ సంతకం మీదేనా?"

"నాదే సార్."

"చదివే పెట్టినారా?"

"చదివే పెట్టినాను."

"మరి?"

"ఆ దినం మా ఇంట్లో నన్ను ఎవరూ అడగలేదు సార్. ఈ దినం మీరు అడిగినారు. చెప్తాండా. నేనాడ ఒక్క దినం గూడా లేను."

వీరేశ్ ఆ మాటలను కన్నడంలో రాశాడు.

అదే వారం దుకాణం పురుగుమందుల లైసెన్సును తాత్కాలికంగా నిలిపివేశారు. లైసెన్సులోంచి సుష్మ పేరు తొలగించారు. తప్పుడు ధ్రువీకరణ ఇచ్చినందుకు ఆమె మీద చర్య తీసుకోవాలా అన్న విషయాన్ని వాయిదా వేశారు. వాయిదా తేదీ ఉత్తర్వులో లేదు. అది తేలితేనే ల్యాబుకు మళ్లీ దరఖాస్తు.